రాజాం షాపు మిషన్: అప్‌డేట్ మధ్యలో కరెంటు పోయింది, ఇప్పుడు ఏ సాఫ్ట్‌వేరూ ఎక్కడం లేదు

రాజాం డీటీపీ · సోమవారం ఉదయం 10.20

అందరికీ నమస్కారం. రాజాంలో మాది చిన్న షాపు. పెళ్లికార్డులు, కరపత్రాలు, జిరాక్సు, ఆన్‌లైన్ దరఖాస్తులు. మిషన్లు మూడు. ఒకదాంట్లో విండోస్ అలాగే ఉంచాను, పాత పార్టీల ఫైళ్లన్నీ అను ఫాంట్లలో ఉన్నాయి. మిగతా రెండూ పాతబడిపోతే ఏడాదిన్నర కిందట లినక్స్ మింట్ 21.3 (విండోస్ బదులు వాడే ఉచిత ఆపరేటింగ్ సిస్టం) వేసుకున్నాను. ఇన్నాళ్లూ ఏ ఇబ్బందీ లేదు.

నిన్న సాయంత్రం కౌంటరు మిషన్లోకి పేజీలు కూర్చే స్క్రైబస్ 1.6 కావాల్సొచ్చింది. తెలుగు ఒత్తులు బాగా కూర్చుంటాయని ఎవరో చెప్పారు. వీడియోలో చూపించినట్టే, సాఫ్ట్‌వేర్లు ఎక్కడి నుంచి దింపాలో రాసుండే ఫైల్లో ఒక లైను చేర్చి అప్‌డేట్, అప్‌గ్రేడ్ కొట్టాను. వెయ్యికి పైగా ప్యాకేజీలు (సాఫ్ట్‌వేర్ ముక్కలు) మారతాయి, అవునా కాదా అని అడిగింది. అవును అన్నాను. సగం అయ్యేసరికి ఈదురుగాలికి కరెంటు పోయింది. యూపీఎస్ బ్యాటరీ రెండు నిమిషాలు కూడా ఆగలేదు.

ఇప్పుడు మిషన్ ఆన్ అవుతోంది, డెస్క్‌టాప్ వస్తోంది గానీ ఏది ఇన్‌స్టాల్ చేద్దామన్నా 'అన్‌మెట్ డిపెండెన్సీస్' అంటోంది, కావాల్సిన తోడు ప్యాకేజీలు కుదరలేదని. ప్రింటరు పని చెయ్యట్లేదు. గురువారానికి రెండు పెళ్లికార్డులు ఇవ్వాలి. ఏటి చెయ్యమంటారు?

ఏడురోడ్లు · సోమవారం ఉదయం 10.41

శ్రీకాకుళం నుంచి. రిపేరు పనిలో పదేళ్లుగా ఉన్నాను. ముందు ఒక్క మాట బాబూ: అది ఏది అడిగినా 'వై' కొట్టకండి. ప్యాకేజీలు వేసేదీ తీసేదీ ఆప్ట్ అనే ప్రోగ్రాం. ముఖ్యంగా 'ఆప్ట్ --ఫిక్స్-బ్రోకెన్ ఇన్‌స్టాల్' కొట్టినప్పుడు తీసేసే ప్యాకేజీల జాబితా చూపిస్తుంది. అందులో సిన్నమన్, నెమో పేర్లు కనిపిస్తే అక్కడే ఆపండి. అవి పోతే డెస్క్‌టాప్ కూడా పోతుంది.

రెండు సంగతులు చెప్పండి. ఒకటి, ఆ వీడియోలో చేర్చమన్న లైను అక్షరం పొల్లు పోకుండా ఇక్కడ పెట్టండి. రెండోది, /వార్/లాగ్/ఆప్ట్ ఫోల్డర్లో హిస్టరీ అనే ఫైలు ఉంటుంది. నిన్న ఏ కమాండు ఎప్పుడు నడిచిందో, ఏవి మారాయో అందులో తేదీలతో సహా ఉంటాయి. దాని చివరి భాగం చూసి చెప్పండి.

సాలూరు కుర్రోడు · సోమవారం ఉదయం 10.55

నాకూ ఓసారి ఇలాగే అయింది అన్నయ్యా. లాక్ ఫైల్ అని ఒకటి ఉంటుంది, దాన్ని డిలీట్ చేసీసి మళ్లీ అప్‌గ్రేడ్ కొట్టీ. సరైపోద్ది.

ఏడురోడ్లు · సోమవారం ఉదయం 11.02

తమ్ముడూ, ఆ సలహా ఇవ్వకు. లాక్ అడ్డొస్తోందంటే వెనకాల ఏదో ఒక ప్రోగ్రాం ప్యాకేజీలు మారుస్తూ ఉందని అర్థం. చాలాసార్లు అది అప్‌డేట్ మేనేజరే. దాని పని అవ్వకుండా తాళం విరగ్గొడితే ఇద్దరు ఒకే ఖాతా పుస్తకంలో ఒకేసారి రాసినట్టు అవుతుంది. నా దగ్గరికొచ్చే చెడిపోయిన మిషన్లలో సగం అలా తాళం విరగ్గొట్టినవే. ఆగి చూడాలి, లేదంటే ఏది నడుస్తోందో వెతికి పట్టుకోవాలి.

మధ్యలో ఆగిన పనికి సరైన కమాండు 'సుడో డీపీకేజీ --కన్ఫిగర్ -ఏ'. అదయినా రాజాం ఆయన ఆ లైను చూపించాకే.

రాజాం డీటీపీ · సోమవారం ఉదయం 11.48

లైను ఇదండి: ఉబుంటు ఆర్కైవ్ చిరునామా, దాని పక్కన 'నోబుల్ మెయిన్ యూనివర్స్'. వీడియోలో అతని మిషన్ ఉబుంటు 24.04. నాది మింట్ కదా, రెండూ ఒకటేలే అనుకున్నాను.

హిస్టరీ ఫైల్లో నిన్న సాయంత్రం 6.52కి 'ఆప్ట్ అప్‌గ్రేడ్' అని ఉంది. మొదలైన సమయం ఉంది గానీ ముగిసిన సమయం లేదు. లిబ్‌సీ6 అన్నది 2.35 నుంచి 2.39కి అని రాసుంది. దాని కింద చాంతాడంత జాబితా.

బొబ్బిలి మాస్టారు · సోమవారం మధ్యాహ్నం 1.15

భోజన విరామంలో చూశాను. బడిలో కంప్యూటర్ ల్యాబు చూసుకుంటాను, ఇలాంటిది ఒకసారి మా దగ్గరా జరిగింది కాబట్టి కాస్త వివరంగా చెప్తాను.

మింట్ 21.3 కి పునాది ఉబుంటు 22.04. దాని ముద్దుపేరు జామీ. మీరు చేర్చింది 24.04, అంటే నోబుల్. మీరు చేర్చింది స్క్రైబస్ ఒక్కదాని చిరునామా కాదు, ఆ ఉబుంటు మొత్తం గోదాము చిరునామా. ఆప్ట్ దృష్టిలో పెద్ద నంబరు ఉన్నదే కొత్తది. అది మీ మిషన్లో ఉన్న చాలా ప్యాకేజీలకి నోబుల్‌లో పెద్ద నంబరు చూసింది, వాటన్నిటినీ మార్చబోయింది. వెయ్యి ప్యాకేజీలు అని అడిగింది అందుకే. ఒక్క సాఫ్ట్‌వేరు కోసం వెళ్లినప్పుడు వెయ్యి మారుస్తానంటే అక్కడే ఆగాల్సింది.

మన రాజాం సంగతే తీసుకోండి. 2022 ఏప్రిల్ 4న శ్రీకాకుళం జిల్లా నుంచి విజయనగరం జిల్లాకి మారింది. ఊరంతా ఒకేసారి మారింది కాబట్టి సరిపోయింది. అదే మీ ఇల్లు విజయనగరంలో, మీ వీధి శ్రీకాకుళంలో ఉండిపోతే కాగితం పట్టుకుని ఏ కలెక్టరేటుకి వెళ్తారు? మీ మిషన్ ఇప్పుడు ఆ స్థితిలో ఉంది. కింద ప్రోగ్రాములన్నీ ఆధారపడే లిబ్‌సీ లైబ్రరీ నోబుల్‌ది, పైన డెస్క్‌టాప్ జామీది.

పైగా నోబుల్‌లో ఇంకో చిక్కు ఉంది. 2038లో పాత 32 బిట్ల గడియారం లెక్క నిండిపోతుంది కదా, దానికి ముందుగానే సర్దుబాటు చేసి 24.04లో చాలా లైబ్రరీల పేర్లే మార్చారు. లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్3 అన్నది లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్3టీ64 అయింది. పాత పేరుతో ఉన్న లైబ్రరీ, కొత్త పేరుతో వచ్చిన లైబ్రరీ ఒక మిషన్లో పక్కపక్కన పడవు. మీకు కనిపిస్తున్న 'అన్‌మెట్ డిపెండెన్సీస్'లో చాలా వరకు ఆ టీ64 తోకలు ఉంటాయి, చూడండి.

తప్పు మీ ఒక్కరిదీ కాదు. 'ఇది ఉబుంటు 24.04 వాళ్లకి మాత్రమే' అని ఆ వీడియోలో ఒక్క మాట అనుంటే మీరు ఆగేవారు.

రాజాం డీటీపీ · సోమవారం మధ్యాహ్నం 1.32

మాస్టారూ, చూశాను. మీరన్నట్టే టీ64లే అన్నీ. ఆ లైను తీసీసి వెనక్కి వెళ్లలేనా? సిస్టంని పాత స్థితికి తెచ్చే టైంషిఫ్ట్ రెండో మిషన్లో పెట్టాను గానీ ఈ కౌంటరు మిషన్లో పెట్టలేదు. డిస్కు చిన్నదని వదిలీసాను. పార్టీల ఫైళ్లు, ఫొటోలు అన్నీ ఇందులోనే ఉన్నాయి. నిన్నటి నుంచి అన్నం సయించడం లేదు.

ఏడురోడ్లు · సోమవారం మధ్యాహ్నం 2.05

ఫైళ్లకి ఏం కాలేదు, కంగారుపడకండి. ఆప్ట్ చేతులు పెట్టేది సిస్టం ఫోల్డర్లలో. మీ హోమ్ ఫోల్డర్ జోలికి పోదు.

వెనక్కి వెళ్లడం గురించి ఉన్నదున్నట్టు చెప్తాను. లైను తీసేస్తే కొత్తవి రావడం ఆగుతుందే గానీ వచ్చేసినవి పాత నంబరుకి దిగవు. ఒకటో రెండో ప్యాకేజీలైతే చేత్తో దించొచ్చు. లిబ్‌సీ వరకూ వెళ్లిపోయాక, అదీ సగంలో ఆగాక, దించడానికి కూర్చుంటే మూడు రోజులు పడుతుంది, చివరికి నమ్మకంగా పని చేస్తుందన్న హామీ లేదు. మీకు గురువారం గడువు. కొత్తగా వేసుకోవడమే దగ్గర దారి.

రెండో మిషన్లో మింట్ 22 వరస ఐఎస్ఓ (ఇన్‌స్టాల్ చేసే డిస్కు ఫైలు) దింపండి. దింపాక దాని షా256 సంఖ్యని (ఫైలు వేలిముద్ర లాంటిది) వెబ్‌సైట్లో ఉన్నదానితో పోల్చండి, ఈ పని దాటెయ్యకండి. 2016 ఫిబ్రవరి 20న మింట్ వెబ్‌సైట్లోకే ఎవరో చొరబడి 17.3 సిన్నమన్ లింకుని దొంగ ఐఎస్ఓ వైపు తిప్పేశారు. తర్వాత మింట్ వాళ్లు ఇచ్చిన అసలు సంఖ్యలతో పోల్చి చూసుకున్నవాళ్లకి తమది దొంగదో కాదో తెలిసింది.

పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి, కౌంటరు మిషన్‌ని దానితోనే ఆన్ చెయ్యండి. ఇన్‌స్టాల్ నొక్కొద్దు. లైవ్‌లోనే ఫైల్ మేనేజర్ తెరిస్తే మీ పాత డిస్కు కనిపిస్తుంది. హోమ్ ఫోల్డర్ మొత్తం బయటి హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చెయ్యండి. చుక్కతో మొదలయ్యే దాపుడు ఫోల్డర్లు కూడా రావాలి, కంట్రోల్ హెచ్ నొక్కితే కనిపిస్తాయి. బ్రౌజర్ పాస్‌వర్డులు, స్క్రైబస్ సెట్టింగులు వాటిలోనే ఉంటాయి. కాపీ అయ్యాక రెండు మూడు ఫైళ్లు తెరిచి చూసుకున్నాకే ఇన్‌స్టాల్. ఈసారి హోమ్‌కి వేరే పార్టిషన్ ఇవ్వండి.

యూపీఎస్ బ్యాటరీ ఇవాళే మార్పించండి. అది మార్చకుండా ఇది మొదలుపెట్టొద్దు.

పొందూరు నూలు · సోమవారం సాయంత్రం 5.30

ఇదంతా చదువుతుంటే భయమేస్తోంది. మేం నేత బట్టల వ్యాపారం లెక్కలు ఉబుంటు 20.04లో రాసుకుంటాం. రెండేళ్ల కిందట ఒక అప్‌డేట్ తర్వాత ప్రింటరు ఆగిపోయింది. బిల్లులు చేత్తో రాసి పంపాల్సి వచ్చింది, నాలుగు రోజులు. అప్పటి నుంచి అప్‌డేట్ అన్న కిటికీ వస్తే మూసేస్తున్నాను. మిషన్ చక్కగా నడుస్తోంది. జీఎస్టీ కూడా దాంట్లోనే కడుతున్నాను. నడుస్తున్నదాన్ని ఎందుకు కదపాలి? నన్ను తిట్టకుండా చెప్పండి, నిజంగానే అడుగుతున్నాను.

బొబ్బిలి మాస్టారు · సోమవారం రాత్రి 8.10

తిట్టడం దేనికమ్మా, పని ఆగితే ఎంత నష్టమో మీకే తెలుసు. కానీ రెండు వేరు వేరు విషయాలు ఒకటిగా కలిసిపోయాయి, అవి విడదీయాలి.

ఒకే వెర్షన్లో వచ్చే రోజువారీ అప్‌డేట్లు చాలావరకు భద్రతా కన్నాలు పూడ్చేవి. ఉబుంటు ఎల్‌టీఎస్‌లో, అంటే ఎక్కువ కాలం మద్దతు ఉండే వెర్షన్లలో, ఒక సాఫ్ట్‌వేర్ నంబరుని సాధారణంగా మార్చరు. పాత నంబరులోనే కన్నం వరకు కుట్టు వేసి పంపుతారు. అందుకే అవి పనిని చెడగొట్టడం అరుదు. రాజాం ఆయనకి జరిగింది అది కాదు. ఆయన వేరే వెర్షన్ గోదాము తెచ్చి కలిపారు.

మీ ప్రింటరు డ్రైవరు ఎక్కడ నుంచి వేశారో గుర్తుందా? కంపెనీ సైటు నుంచి డెబ్ ఫైలు (విడిగా ఇచ్చే ప్యాకేజీ) దింపి వేసి ఉంటారని నా అనుమానం. అలా వేసినదాన్ని ఎవరూ చూసుకోరు. కింద లైబ్రరీ మారినా దానికి తెలియదు.

అసలు సంగతి ఇది. ఉబుంటు 20.04 కి మామూలు మద్దతు 2025 మే నెలతో అయిపోయింది. మీరు కిటికీ మూసినా తెరిచినా ఇక మామూలుగా అయితే కుట్లు రావు. పైగా మీరు రెండేళ్లుగా వచ్చినవి కూడా వేసుకోలేదు. ఆ బ్రౌజర్‌తోనే బ్యాంకు, జీఎస్టీ తెరుస్తున్నారు. డబ్బు వ్యవహారం ఉన్న మిషన్‌ని అలా వదలకూడదమ్మా, దయచేసి.

ఇప్పటికిప్పుడు పెద్ద మార్పు వద్దనుకుంటే ఒక దారి ఉంది. ఉబుంటు ప్రో అని ఉంది, సొంతానికి వాడుకునేవాళ్లకి 5 మిషన్ల వరకు ఉచితం. ఒక ఖాతా తెరిస్తే టోకెన్ ఇస్తారు, దాన్ని 'సుడో ప్రో అటాచ్' తర్వాత పెడితే చాలు. 20.04 కి 2030 వరకు కుట్లు వస్తాయి. ఖాళీ చూసుకుని 22.04 కి, అక్కడి నుంచి 24.04 కి వెళ్లండి. ఎల్‌టీఎస్‌ల మధ్య మెట్టు దాటేసి దూకే దారి లేదు, ఒక్కొక్కటే ఎక్కాలి.

కోట జంక్షన్ చదువరి · సోమవారం రాత్రి 9.25

విజయనగరంలో ఇంజినీరింగ్ మూడో సంవత్సరం. గురువుగారూ, మీ మాట కాదనడం కాదు గానీ ఒక సందేహం. అప్‌డేట్‌లోనే విషం వస్తే? 2024 మార్చిలో ఫైళ్లు కుదించే ఎక్స్‌జడ్ ప్రోగ్రాం విషయం జరిగింది కదా. జియా టాన్ అనే పేరుతో ఒకరు రెండేళ్లకి పైగా మంచివాడిలా పని చేసి, నమ్మకం సంపాదించి, 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొడ్డిదారి పెట్టారు. అది అధికారిక గోదాముల్లోకే వెళ్లిపోయింది. నమ్మకమైన చోటు నుంచే తీసుకోండి అంటున్నాం. ఆ నమ్మకమైన చోటుకే వచ్చేస్తే పొందూరు మేడమ్ అన్నట్టు కదపకపోవడమే మంచిది కదా? మా క్లాసులో దీని మీద గంటసేపు వాదించుకున్నాం, తేలలేదు.

టెక్కలి ల్యాబ్ · సోమవారం రాత్రి 10.40

మంచి ప్రశ్న. క్లాసులో తేలనిది ఇక్కడ కొంత తేల్చుకుందాం.

అది ఎక్కువగా ఏ గోదాముల్లోకి వెళ్లిందో చూడు. డెబియన్ టెస్టింగ్, అన్‌స్టేబుల్, ఫెడోరాలో ఇంకా విడుదల కాని వెర్షన్లు. అంటే పరీక్ష కోసం ఉంచిన వాకిళ్లు. డెబియన్ స్టేబుల్‌కి రాలేదు. ఉబుంటు 22.04లో ఉన్న ఎక్స్‌జడ్ 5.2.5. అప్పటికి తయారవుతున్న 24.04 కి పరీక్ష వాకిట దాకా వచ్చింది, దాంతో వాళ్లు ప్యాకేజీలు మళ్లీ కట్టుకుని బీటాని వారం వెనక్కి జరిపారు. పట్టుకున్నది ఆండ్రెస్ ఫ్రాయిండ్. పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ డెవలపరు. తన మిషన్లో ఎస్ఎస్‌హెచ్ (దూరం నుంచి మిషన్లోకి వెళ్లే దారి) లాగిన్ అర సెకను ఆలస్యం అవుతోందేమిటని తవ్వితే బయటపడింది, మార్చి 29న ప్రకటించారు. కొత్తది వచ్చిన మర్నాడే వేసుకోకుండా స్టేబుల్ వాళ్లు ఆగడం వల్ల మనలాంటివాళ్లకి రక్షణ దొరికింది. అది అప్‌డేట్ మానేయడం కాదు. ఏ వాకిట్లో నించోవాలో ఎంచుకోవడం.

ఇక అందరికీ తెరిచిన చోట్లు వేరు. ఆర్చ్ లినక్స్ వాళ్ల ఏయూఆర్ అనే గోదాములో ఎవరైనా ప్యాకేజీ పెట్టొచ్చు. 2025 జులైలో ఫైర్‌ఫాక్స్ లాంటి బ్రౌజర్ల పేర్లు కలిపిన ప్యాకేజీలు పెట్టి, లోపల దూరం నుంచి మిషన్‌ని నడిపే దొంగ ప్రోగ్రాం దాచారు. రెండు రోజుల్లో తీసేశారు గానీ ఆ రెండు రోజుల్లో వేసుకున్నవాళ్ల సంగతేమిటి? ఉబుంటు పీపీఏలు (ఎవరికి వారు పెట్టుకునే గోదాములు) కూడా అంతే, లాంచ్‌ప్యాడ్ సైట్లో ఎవరైనా తెరవొచ్చు. పీపీఏ అనగానే ఉబుంటు వాళ్లు చూశారని చాలామంది అనుకుంటారు. చూడరు. అది ఆ పెట్టినవాళ్ల సొంత దుకాణం.

ఇంకో మాట, ఇది కాస్త పక్కకి వెళ్లినా చెప్పాలి. మా కాలేజీ ల్యాబులో 30 మిషన్లు ఉన్నాయి, లైను ఒకటే. అన్నీ ఒకేసారి అప్‌డేట్ మొదలెడితే నెట్టు గుక్క తిప్పుకోదు. అందుకే 'అప్‌డేట్ వద్దు' అని గోడకి కాగితం అంటించి ఉండేది. నేను వచ్చాక ఒక పాత మిషన్లో ఆప్ట్-క్యాషర్-ఎన్‌జీ పెట్టాను. మొదటి మిషన్ అడిగిన ప్యాకేజీని అది ఒకసారి దింపి దాచుకుంటుంది, మిగతా 29కి తన దగ్గరి నుంచే ఇస్తుంది. మిగతా మిషన్లలో ప్రాక్సీగా దాని చిరునామా, పోర్టు 3142 ఇస్తే చాలు. కాగితం పీకేశాం. బొబ్బిలి మాస్టారి బడికీ, షాపులున్న వాళ్లకీ ఇది బాగా పనికొస్తుంది.

ఉద్దానం కొబ్బరి · మంగళవారం ఉదయం 6.50

మాది వజ్రపుకొత్తూరు మండలం. ఫైబరు మా వీధిలోకి ఇంకా రాలేదు. ఫోను హాట్‌స్పాటే, రోజుకి ఒకటిన్నర జీబీ. మీరందరూ అప్‌డేట్ అప్‌డేట్ అంటుంటే నాకు ముందు డేటా గుర్తొస్తుంది. 2018 అక్టోబరులో తిత్లీ వచ్చినప్పుడు కరెంటూ సిగ్నలూ లేని రోజులు చూశాం, కొబ్బరి, జీడి తోటలు నేలమట్టమైపోయాయి. అప్పటి నుంచి నెట్టు లేకపోయినా పని జరగాలి అన్నది నా పట్టుదల. నెట్టు లేకుండా అప్‌డేట్ చేసే ఉపాయం ఉందా?

రెండోది, నా యూఎస్‌బీ వైఫై ముక్కకి డ్రైవరు గిట్‌హబ్ నుంచి దింపి కట్టుకున్నాను. కెర్నెల్ (సిస్టం గుండె లాంటి భాగం) మారినప్పుడల్లా వైఫై చచ్చిపోతోంది. అందుకని కెర్నెల్ అప్‌డేట్లు ఆపీసాను. తప్పేనా?

టెక్కలి ల్యాబ్ · మంగళవారం ఉదయం 9.15

ఉపాయం ఉంది, పేరు ఆప్ట్-ఆఫ్‌లైన్. మీ మిషన్లో నడిపితే ఏమేం కావాలో ఒక చిన్న ఫైలు రాసి ఇస్తుంది. అది పెన్‌డ్రైవ్‌లో వేసుకుని పలాస వెళ్లినప్పుడు మంచి నెట్టున్న మిషన్లో అదే ప్రోగ్రాంకి ఇస్తే, అడిగినవన్నీ దింపి ఒక జిప్ కడుతుంది. ఇంటికి తెచ్చి ఇన్‌స్టాల్ చెయ్యడమే. కొత్త జాబితా కోసం ఒకసారి, ప్యాకేజీల కోసం ఒకసారి, మొత్తం రెండు తడవలు పడుతుంది. నెలకోసారి చేసినా భద్రతకి మేలే. హాట్‌స్పాట్ కనెక్షన్ సెట్టింగుల్లో 'మీటర్డ్' అని గుర్తు పెట్టండి. చాలా ప్రోగ్రాములు దాన్ని గౌరవించి వాటంతట అవి దింపడం మానుకుంటాయి.

వైఫై డ్రైవరు: చేత్తో కట్టింది ఆ ఒక్క కెర్నెల్‌కే సరిపోతుంది. కొత్త కెర్నెల్ వస్తే మళ్లీ కట్టాలి. ఆ పని దానంతట అదే జరగాలంటే డీకేఎంఎస్ ద్వారా వెయ్యాలి. మీరు దింపిన గిట్‌హబ్ పేజీలో డీకేఎంఎస్ పద్ధతి రాసి ఉందేమో చూడండి. కెర్నెల్ అప్‌డేట్లు శాశ్వతంగా ఆపొద్దు. కొత్త కెర్నెల్‌తో వైఫై రాకపోతే, ఆన్ చేసేటప్పుడు గ్రబ్ మెనూలో 'అడ్వాన్స్‌డ్' అన్నదాంట్లోకి వెళ్లి పాత కెర్నెల్ ఎంచుకోండి. పాతది ఒకటి అక్కడే ఉంటుంది, పని ఆగదు.

రాజాం డీటీపీ · మంగళవారం రాత్రి 9.40

అందరికీ దండాలు. ఉదయం యూపీఎస్‌కి కొత్త బ్యాటరీ వేయించాను. ఏడురోడ్లు గారు చెప్పినట్టే లైవ్‌లో ఆన్ చేసి ఫైళ్లన్నీ తీసాను, ఒక్కటీ పోలేదు. పెళ్లికూతురి నాన్నగారు ఇచ్చిన ఫొటోలు తెరుచుకోగానే ప్రాణం లేచొచ్చింది. షా256 కూడా పోల్చాను, కలిసింది. మింట్ 22 ఎక్కింది. హోమ్ వేరే పార్టిషన్.

ఇప్పుడు తప్పు చెయ్యకూడదు కాబట్టి ముందే అడుగుతున్నాను. స్క్రైబస్ ఎక్కడి నుంచి? ఫొటోలు దిద్దే జింప్ 3 కావాలి, అదెక్కడి నుంచి? ప్రింటరు ఇంకా పెట్టలేదు. తెలుగు ఫాంట్లు ఏవి?

బొబ్బిలి మాస్టారు · మంగళవారం రాత్రి 10.30

ముందే అడిగారు, చాలా సంతోషం.

స్క్రైబస్ కోసం ఎక్కడికీ వెళ్లక్కర్లేదు. మీరు వేసిన మింట్ 22 కి పునాది నోబుల్. దాని సొంత గోదాములోనే 1.6 వరస ఉంది. 'సుడో ఆప్ట్ అప్‌డేట్', ఆ తర్వాత 'సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ స్క్రైబస్', అంతే. మొన్న మీరు ఏ నోబుల్ కోసం వెళ్లారో దానికి ఇప్పుడు మొత్తంగా మారారు. ఏ ప్యాకేజీ ఎక్కడ నుంచి వస్తుందో అనుమానమొస్తే 'ఆప్ట్ పాలసీ' తర్వాత దాని పేరు కొట్టండి. నంబరూ, వచ్చే చోటూ రెండూ చూపిస్తుంది. ఇది నేను పిల్లలకి నేర్పే మొదటి కమాండు.

జింప్ అయితే గోదాములో 2.10 వరసే ఉంటుంది. 3.0 వచ్చింది 2025 మార్చిలో, నోబుల్ ఏడాది ముందే మూత వేసుకుంది. దీనికి ఫ్లాట్‌పాక్ అనే పద్ధతి మంచిది. మింట్‌లో ముందే ఉంటుంది, సాఫ్ట్‌వేర్ మేనేజర్లోనే దాని గోదాము ఫ్లాట్‌హబ్‌వి కనిపిస్తాయి. ఫ్లాట్‌పాక్ తన లైబ్రరీలు తనే తెచ్చుకుంటుంది, మీ సిస్టం లిబ్‌సీ జోలికి రాదు. కొత్తది కావాలి, సిస్టం కదలకూడదు అన్నప్పుడు నేను మొదట చూసేది అదే. మొదటిసారి మాత్రం కొన్ని వందల ఎంబీ దింపుతుంది, ఉద్దానం వారు గమనించాలి.

కంపెనీలు ఇచ్చే డెబ్ ఫైళ్లలో రెండు రకాలు. క్రోమ్ డెబ్ వేస్తే అది తన గోదాము చిరునామా, తాళంచెవి కూడా చేర్చుకుంటుంది. మీ మామూలు అప్‌డేట్‌తో పాటే అదీ మారుతుంది. కొన్ని ఆ పని చెయ్యవు. వేసిన రోజు నంబరు దగ్గరే నిలిచిపోతాయి, మీరే గుర్తుపెట్టుకుని మళ్లీ దింపాలి. అలాంటివి నేను ఒక నోటు పుస్తకంలో రాసుకుంటాను: పేరు, వేసిన తేదీ, ఎక్కడి నుంచి. డెబ్ వేసేటప్పుడు డీపీకేజీతో కాకుండా 'సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ ./ఫైలుపేరు' అని కొట్టండి, కావాల్సిన తోడు ప్యాకేజీలు అదే తెస్తుంది.

ఇక నెట్టు నుంచి 'కర్ల్' తో దింపి నేరుగా 'సుడో బాష్' లోకి పంపి, పూర్తి అధికారంతో నడిపించమనే లైన్లు ఉన్నాయే, వాటి విషయంలో నాకు రాజీ లేదు. అందులో ఏముందో చదవకుండా ఎవరో తెలియని మనిషికి ఇంటి తాళాలు ఇవ్వడం అది. ముందు ఫైలుగా దింపండి, తెరిచి చదవండి, అర్థం కాకపోతే ఇక్కడ పెట్టండి. చదివి చెప్పడానికి ఇంతమందిమి ఉన్నాం.

ప్రింటరు ముందు ఏ డ్రైవరూ లేకుండా కలిపి చూడండి. కొత్తవి చాలావరకు డ్రైవరు లేకుండానే పని చేస్తున్నాయి. హెచ్‌పీ అయితే హెచ్‌ప్లిప్, ఎప్సన్ అయితే 'ప్రింటర్-డ్రైవర్-ఈఎస్‌సీపీఆర్' గోదాములోనే ఉన్నాయి. కంపెనీ డెబ్ ఆఖరి మాట. ఫాంట్లకి 'ఫాంట్స్-తెలు-ఎక్స్‌ట్రా' వేస్తే పోతన, వేమన వస్తాయి.

కోట జంక్షన్ చదువరి · మంగళవారం రాత్రి 11.05

ఫ్లాట్‌పాక్ గురించి నాకు ఎదురైనది చెప్తాను అన్నయ్యా. ఫ్లాట్‌పాక్ ప్రోగ్రాంకి మీ మిషన్ మొత్తం కనిపించదు. ఇచ్చిన ఫోల్డర్లే కనిపిస్తాయి. కస్టమర్ పెన్‌డ్రైవ్ పెడితే కొన్ని ప్రోగ్రాముల్లో 'ఓపెన్' కొట్టినా పెన్‌డ్రైవ్ రాదు. పాడైందనుకోకండి. ఫ్లాట్‌సీల్ అనే చిన్న ప్రోగ్రాం వేస్తే ఏ ప్రోగ్రాంకి ఏ ఫోల్డర్ చూపించాలో టిక్ పెట్టుకోవచ్చు. ఫాంట్లకి మాత్రం ఇబ్బంది లేదు, సిస్టంలో వేసినవి దానికీ కనిపిస్తాయి.

టెక్కలి సార్, ఎక్స్‌జడ్ గురించి మీరు చెప్పింది రేపు క్లాసులో చెప్తాను. నేను అధికారిక గోదాము అంటే ఒకటే అనుకున్నాను. పరీక్ష వాకిలి, స్థిరమైన వాకిలి అన్న తేడా నాకు తట్టలేదు.

పొందూరు నూలు · బుధవారం సాయంత్రం 4.15

మా తమ్ముడిని కూర్చోబెట్టుకుని ప్రో ఖాతా తెరిచాం. టోకెన్ పెట్టాక రెండేళ్ల బాకీ అంతా ఒకేసారి దిగింది, రెండున్నర గంటలు. చేతులు వణికాయి గానీ ఆగలేదు. ముందు లెక్కల ఫైళ్లు రెండు చోట్ల కాపీ పెట్టాను.

మాస్టారూ, మీ అనుమానం నిజమే. ప్రింటరు డ్రైవరు అప్పట్లో షాపతను సీడీ లోంచి ఏదో ఎక్కించాడట. అది తీసేసి గోదాములోది వేశాం. బిల్లు వచ్చింది. రెండేళ్ల కిందట ఈ మాట ఒక్కరు చెప్పి ఉంటే ఆ నాలుగు రోజులు చేత్తో రాసేదాన్ని కాదు. 22.04 కి సంక్రాంతి సెలవుల్లో వెళ్తాను, అప్పుడు మళ్లీ ఇక్కడికే వస్తాను.

రాజాం డీటీపీ · గురువారం సాయంత్రం 7.20

రెండు కార్డులూ ఇచ్చీసాను. పోతన ఫాంటులో 'శ్రీరస్తు' ఒత్తులతో సహా బ్రహ్మాండంగా వచ్చింది. ప్రింటరు డ్రైవరు లేకుండానే పలికింది. జింప్ 3 ఫ్లాట్‌పాక్, పెన్‌డ్రైవ్ కోసం ఫ్లాట్‌సీల్‌లో టిక్ పెట్టాను. చదువరి తమ్ముడికి ప్రత్యేకంగా థాంక్స్, ఆ మాట లేకపోతే ఇవాళ కస్టమర్ ముందు తలపట్టుకునేవాణ్ని. మాస్టారు చెప్పిన నోటు పుస్తకం కూడా మొదలెట్టాను. మొదటి పేజీలో క్రోమ్ ఒక్కటే ఉంది.

రేపు టైంషిఫ్ట్ కోసం బయటి డిస్కు కొందామనుకుంటున్నాను. 500 జీబీ సరిపోద్దా? ఇంట్లో పాతది ఒకటుంది, విండోస్‌లో వాడింది. అది పనికొస్తుందా?

ఏడురోడ్లు · గురువారం రాత్రి 8.05

500 జీబీ ధారాళంగా సరిపోతుంది. పాతదైనా పర్లేదు, కానీ విండోస్ ఎన్‌టీఎఫ్ఎస్ ఫార్మాట్‌లో ఉంటే టైంషిఫ్ట్ తీసుకోదు. అందులో ఉన్నవి వేరే చోటికి తీసేసి, డిస్క్స్ ప్రోగ్రాంలో ఎక్స్‌టి4 గా ఫార్మాట్ చెయ్యండి. టైంషిఫ్ట్ కాపీ చేసేది సిస్టమే, హోమ్ ఫోల్డర్‌ని మామూలుగా వదిలేస్తుంది. పార్టీల ఫైళ్లకి వేరే బ్యాకప్ పెట్టుకోవాలి. రెండో మిషన్ 21.3 లోనే ఉంది కదా, దానికి 2027 ఏప్రిల్ దాకా టైముంది. తొందరపడి కదపకండి. కదిపేటప్పుడు ముందు రోజు ఇక్కడ ఒక ముక్క రాయండి, నేను చూస్తూ ఉంటాను.